రైలు దారి వేసినవారికే మూసిన తలుపు: అమెరికా చైనీయుల చరిత్ర మనకు చెప్పేది

(అల్పసంఖ్యాక వర్గాల హక్కుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల దినోత్సవం నాడు మాట్లాడేవారు సాధారణంగా మన రాజ్యాంగ అధికరణాలను, మన కమిషన్ల నివేదికలను ప్రస్తావిస్తారు. అది అవసరమే. అయితే ఈ రోజు మేము మిమ్మల్ని కొంతసేపు వేరొక దేశానికి, వేరొక శతాబ్దానికి తీసుకువెళ్లదలిచాము. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో అమెరికా సంయుక్త రాష్ట్రాల జనాభాలో వెయ్యిమందికి ఇద్దరు చొప్పున ఉన్న ఒక చిన్న సమాజపు చరిత్ర అది. వారు ముస్లింలు కారు, భారతీయులు కారు. దక్షిణ చైనా తీరం నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన శ్రామికులు.

వారి కథ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఒక సమాజాన్ని ముందు పనికి పిలిచి, తరువాత నిందించి, ఆపై చట్టం చేసి వెలివేయడం ఎలా జరుగుతుందో ఆ చరిత్రలో అంచెలంచెలుగా కనిపిస్తుంది. ఆ సమాజం తన దగ్గరున్న కొద్దిపాటి సాధనాలతో దానిని ఎలా ఎదుర్కొన్నదో కూడా కనిపిస్తుంది. పైగా ఆనాడు వారు గెలిచిన ఒకటి రెండు వ్యాజ్యాల ఫలితం ఇవాళ మన దేశపు న్యాయస్థానం దాకా, మన తెలుగు కుటుంబాల గడప దాకా వచ్చింది. ఆ సంగతి చివరలో మనవి చేస్తాము.

పిలిచి తెచ్చిన చేతులు

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసింది. బానిసత్వం రద్దయింది. ఆ తరువాతి మూడు దశాబ్దాల్లో ఆ దేశం వ్యవసాయ దేశం నుంచి మహా పారిశ్రామిక దేశంగా మారింది. 1865లో సుమారు 35 వేల మైళ్లున్న రైలు మార్గం 1900 నాటికి 1 లక్ష 90 వేల మైళ్లు దాటింది. ఉక్కు, బొగ్గు, చమురు పరిశ్రమలు కొద్దిమంది చేతుల్లో కొండలా పెరిగాయి. ఈ సంపదను తవ్వి తీసినవారు ఐర్లండ్, జర్మనీ, ఇటలీ, పోలండ్ ప్రాంతాల నుంచి వచ్చిన వలస కూలీలు, విముక్తులైన నల్లజాతి శ్రామికులు, పశ్చిమ తీరంలో చైనీయులు.

తూర్పు పడమరలను కలిపే మొదటి రైలు మార్గం 1869 మే 10న యూటా ప్రాంతంలోని ప్రామంటరీ వద్ద పూర్తయింది. పడమటి వైపు శాక్రమెంటో నుంచి ఆ మార్గాన్ని నిర్మించిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీలో పనివారిలో నూటికి 90 మంది దాకా చైనీయులే. సియెర్రా నెవాడా కొండల్లో నల్లరాతిని మందుగుండుతో పేల్చి సొరంగాలు తవ్వారు. నిలువెత్తు మంచులో శీతాకాలాలు గడిపారు. హిమపాతాల కింద కూరుకుపోయి ఎందరు మరణించారో కంపెనీ లెక్క ఉంచలేదు. జీతాల చిట్టాల్లో తరచూ ముఠా మేస్త్రీ పేరే రాసేవారు. అతని కింద పనిచేసే మనుషుల పేర్లు రాసేవారు కారు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితమంతా గడిపిన మాకు ఈ ఒక్క వివరం చాలు, ఆ మనుషులకు దక్కిన విలువ ఎంతో తెలియడానికి. పేరు లేని చిట్టా మనిషిని పనిముట్టుగానే లెక్కిస్తుంది.

1867 జూన్‌లో వేలాది చైనా శ్రామికులు ఒక్కసారిగా పని ఆపారు. శ్వేతజాతి కార్మికులకు జీతంతో పాటు భోజన వసతులు కంపెనీయే చూసుకునేది. వీరికి అవి లేవు. సమాన వేతనం, పని గంటల తగ్గింపు వీరి కోరికలు. గొడవ లేదు, హింస లేదు. కంపెనీ భాగస్వామి చార్లెస్ క్రోకర్ కొండల మీదికి ఆహార సరఫరా నిలిపివేయించాడు. వారం రోజుల్లో సమ్మె ముగిసింది. "చైనావాడు తక్కువ కూలికి తలవంచి పనిచేస్తాడు" అనే మాట తరువాత దేశమంతా మార్మోగింది. ఈ సమ్మె జరిగిన సంగతి మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

అమెరికాలో ఆ రోజుల్లో చైనా శ్రామికులను 'కూలీ' అని తూలనాడేవారు. అదే కాలంలో మన తీరప్రాంత జిల్లాల నుంచి ఎందరో తెలుగువారు నటాల్, మారిషస్, బర్మాలకు ఆ పేరుతోనే ఓడలెక్కారు. పొట్టకూటి కోసం వెళ్లిన మనిషికి తగిలించిన ఆ ముద్ర చైనావారికి ఒక్కరికే పరిమితం కాలేదని గుర్తుంచుకుంటే చాలు.

మాంద్యం వచ్చింది, నెపం వెతికారు

1873 సెప్టెంబరులో జే కుక్ బ్యాంకు కూలిపోయింది. రైల్వే పెట్టుబడుల జూదం దేశాన్ని ఏళ్ల తరబడి మాంద్యంలోకి నెట్టింది. కంపెనీలు జీతాలు కోశాయి. 1877 జూలైలో వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో రైల్వే కార్మికులు మొదలుపెట్టిన సమ్మె దావానలంలా రాష్ట్రాలు దాటింది. అధ్యక్షుడు హేస్ సైన్యాన్ని పంపాడు. సుమారు వందమంది ప్రాణాలు పోయాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సమ్మెకు సంఘీభావంగా జూలై 23న సభ పెట్టారు. ఆ రాత్రి గుంపులు చైనీయుల లాండ్రీల మీద పడ్డాయి. జీతాలు కోసింది రైల్వే యజమానులు, తగలబడింది బట్టలుతికేవారి దుకాణాలు. అక్కడే డెనిస్ కియర్నీ అనే నాయకుడు పుట్టుకొచ్చాడు. ప్రతి ఉపన్యాసం చివర "చైనావాళ్లు వెళ్లిపోవాలి" అని ముగించేవాడు. అతను స్వయంగా ఐర్లండ్ నుంచి వచ్చిన వలసదారు. అతని ప్రాబల్యంలోనే 1879లో కాలిఫోర్నియా కొత్త రాజ్యాంగం వచ్చింది. కంపెనీలు చైనీయులకు పని ఇవ్వరాదని అందులో రాసుకున్నారు.

ఇక జాతీయ పార్టీల సంగతి. ఆ రోజుల్లో రిపబ్లికన్, డెమోక్రటిక్ పార్టీల బలాలు దాదాపు సమానం. పశ్చిమ రాష్ట్రాల కొద్ది ఓట్లు అధ్యక్ష పదవిని నిర్ణయించగల స్థితి. 1880 ఎన్నికలకు కొద్ది రోజుల ముందు ఒక పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రిపబ్లికన్ అభ్యర్థి గార్‌ఫీల్డ్ చైనా వలసలను సమర్థిస్తూ రాసినట్లుగా అందులో ఉంది. సంతకం ఫోర్జరీ. ఉత్తరం కల్పితం. గార్‌ఫీల్డ్ దేశంలో గెలిచాడు కానీ కాలిఫోర్నియాలో స్వల్ప తేడాతో ఓడాడు. ఒక సమాజాన్ని చూపించి ఓటరును భయపెట్టే తప్పుడు కాగితం ఎంత పని చేయగలదో చేతి ఫోన్లు లేని ఆ కాలంలోనే రుజువైంది. ఆ తరువాత ఏ పార్టీ కూడా చైనీయుల పక్షాన నిలవడానికి సాహసించలేదు.

1880 జనగణనలో దేశ జనాభా 5 కోట్లు దాటింది. చైనీయులు 1,05,465 మంది. ఈ లక్షమంది వల్ల దేశం మునిగిపోతుందన్నారు. 1882 మే 6న అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ చైనీయుల నిషేధ చట్టం మీద సంతకం చేశాడు. చైనా శ్రామికులు పదేళ్లపాటు దేశంలోకి రాకూడదు. వర్తకులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు రావచ్చు. అప్పటికే ఉన్న చైనీయులకు ఏ న్యాయస్థానమూ పౌరసత్వం ఇవ్వకూడదు. అదే సంవత్సరం ఆ దేశంలోకి మొత్తం మీద 7 లక్షల 88 వేలమందికి పైగా వలస వచ్చారు. తలుపు మూసింది ఒక్క జాతి శ్రామికులకే.

పౌరసత్వం లేదు కాబట్టి ఓటు లేదు. ఓటు లేనివారిని నిందించడానికి నాయకుడికి ఖర్చేమీ లేదు. ఆ చట్టం వెనుక ఉన్న రాజకీయ గణితం అంతే.

ఎదిరించినవారు లేకపోలేదు. మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ హోర్ సభలో ఆ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అంతకు ముందే, 1869లో, బానిసత్వం నుంచి తప్పించుకుని మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ బోస్టన్‌లో ప్రసంగిస్తూ వలస వెళ్లే హక్కు మనిషిగా పుట్టిన ప్రతివాడిదనీ, అది చైనీయులకూ ఉందనీ వాదించాడు. తన జాతి గాయాలు ఇంకా మానని రోజుల్లో ఆయన మరొక జాతి కోసం మాట్లాడాడు. ఈ సంగతిని మన యువకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని మా మనవి.

కార్మికోద్యమం తడబడిన చోటు

కార్మిక సంఘాలు ఈ విషయంలో ఎటు నిలిచాయన్నది బాధ కలిగించే అధ్యాయం. 1869లో ఫిలడెల్ఫియాలో మొదలైన నైట్స్ ఆఫ్ లేబర్ సంఘంలో 1886 నాటికి 7 లక్షలమంది చేరారు. స్త్రీలను, నల్లజాతి వారిని, నైపుణ్యం లేని కూలీలను చేర్చుకున్న ఉదార సంస్థ అది. చైనీయులకు మాత్రం అందులో చోటు లేదు. 1886లో ఏర్పడిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ నాయకుడు శామ్యూల్ గాంపర్స్ లండన్‌లో యూదు కుటుంబంలో పుట్టి వలస వచ్చిన చుట్టల కార్మికుడు. ఆయన కూడా నిషేధ చట్టాన్ని సమర్థించాడు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టల కార్మికులైతే 1870లలోనే డబ్బాల మీద తెల్ల చీటీ అంటించేవారు. ఇది శ్వేతజాతి చేతులతో చుట్టినది, దీనినే కొనండి అని దాని అర్థం.

1885 సెప్టెంబరు 2న వ్యోమింగ్ ప్రాంతంలోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల్లో ఈ ద్వేషం రక్తం కళ్లజూసింది. ఆ గనులు యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీవి. 1875లో సమ్మెను విరిచేందుకు కంపెనీయే చైనీయులను అక్కడికి తెచ్చింది. పదేళ్లుగా రెండు వర్గాలనూ పక్కపక్కన ఉంచి, ఒకరిని చూపి మరొకరి కూలి తగ్గిస్తూ వచ్చింది. ఆ రోజు శ్వేతజాతి కార్మికులు చైనీయుల వాడ మీద దాడి చేసి 28 మందిని చంపారు. 70కి పైగా ఇళ్లు కాల్చారు. దాడి చేసినవారిలో అనేకులు తామూ వలస వచ్చినవారే. సైన్యం వచ్చింది. గనులు మళ్లీ తెరుచుకున్నాయి. ఒక్కరికైనా శిక్ష పడలేదు. ఇరుపక్షాల కార్మికులూ నష్టపోయారు. కంపెనీ బొగ్గు తవ్వుతూనే ఉంది.

మరుసటి సంవత్సరమే నింద ఐరోపా వలసదారుల మీదికీ మళ్లింది. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే నెలలో చికాగో కార్మికులు కదిలారు. మే 4న హేమార్కెట్ కూడలిలో ఎవరో బాంబు విసిరారు. విసిరినది ఎవరో ఈనాటికీ తేలలేదు. అరెస్టయి విచారణకు నిలబడిన ఎనిమిది మందిలో ఆరుగురు విదేశాల్లో పుట్టినవారు, ఎక్కువమంది జర్మన్లు. నలుగురిని ఉరితీశారు. "వలసదారు అంటే అరాచకవాది" అని పత్రికలు హోరెత్తించాయి. 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ ఆ విచారణ న్యాయంగా జరగలేదని ప్రకటించి, జైల్లో మిగిలిన ముగ్గురినీ విడుదల చేశాడు. ఆయనా జర్మనీలో పుట్టినవాడే. ఆ నిర్ణయానికి ఆయన రాజకీయంగా పెద్ద మూల్యమే చెల్లించాడు. మనం ఏటా జరుపుకునే మే డే వెనుక ఆ వలసదారుల ఉరికొయ్యలు ఉన్నాయి. చైనీయుల మీద అనుమానపు వేలు చూపినప్పుడు మౌనంగా ఉన్న వలస కార్మికులు, ఆ వేలు తమవైపు తిరగదని నమ్మారు. తిరిగింది.

చట్టం అందరికీ ఒకటే, అమలు మాత్రం వేరు

ఇప్పటిదాకా చెప్పినది దెబ్బతిన్న కథ. ఇక ఎదిరించిన కథ.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలక సభ 1880లో ఒక నిబంధన చేసింది. చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే సభ అనుమతి ఉండాలి. అగ్నిప్రమాదాల నివారణ పేరు చెప్పారు. నిబంధనలో చైనీయుల పేరెక్కడా లేదు. నగరంలోని సుమారు 320 లాండ్రీల్లో 310 చెక్క భవనాల్లోనే ఉన్నాయి, 240 చైనీయులవి. దరఖాస్తులు వచ్చాయి. 200 మందికి పైగా చైనీయులు అడిగితే ఒక్కరికీ అనుమతి లేదు. చైనీయులు కాని 80 మందికి అనుమతి దొరికింది.

యిక్ వో పేరుతో లాండ్రీ నడిపిన వ్యక్తి 22 ఏళ్లుగా అదే చోట బట్టలుతికాడు. అగ్నిమాపక అధికారుల ధ్రువపత్రం అతని దగ్గర ఉంది. అయినా 10 డాలర్ల జరిమానా వేశారు. అతను కట్టలేదు, జైలుకు వెళ్లాడు. లాండ్రీ యజమానుల సంఘం అతని వెనుక నిలిచి వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు దాకా నడిపింది. 1886 మే 10న తీర్పు వచ్చింది. చట్టం పైకి ఎంత నిష్పక్షపాతంగా కనిపించినా, దానిని అమలు చేసే చేయి దురుద్దేశంతో, అసమానంగా కదిలితే అది సమానత్వ నిరాకరణే అని కోర్టు తేల్చింది. మరొక మాట కూడా చెప్పింది. రాజ్యాంగపు పద్నాలుగో సవరణ చట్టాల సమాన రక్షణను 'పౌరుడికి' అనలేదు, 'ఏ వ్యక్తికైనా' అన్నది. కాబట్టి పౌరసత్వం లేని చైనీయుడికీ అది వర్తిస్తుంది.

అంతకు ఏడాది ముందు ఒక కుటుంబం ఇలాంటిదే మరొక పోరాటం చేసింది. అదే నగరంలో టేప్ దంపతులు తమ ఎనిమిదేళ్ల కుమార్తె మేమీని ప్రభుత్వ పాఠశాలకు తీసుకువెళ్తే, చైనా సంతతి పిల్ల అని చేర్చుకోలేదు. వారు కోర్టుకెక్కారు. 1885లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు పిల్లకు బడిలో చోటివ్వాలని తీర్పు చెప్పింది. వెంటనే శాసనసభ చైనీయుల పిల్లలకు వేరు పాఠశాల పెట్టుకోవచ్చని చట్టం చేసి ఆ తీర్పును నీరుగార్చింది. తల్లి మేరీ టేప్ విద్యామండలిని సూటిగా నిలదీస్తూ రాసిన ఉత్తరం పత్రికలో అచ్చయింది. గెలుపు చేతికందకపోయినా ఆ తల్లి ప్రశ్న చరిత్రలో మిగిలింది. మన ఇళ్లలోని తల్లులు ఈ పేరు తెలుసుకోవడం మంచిది.

చేతిలో కాగితం, కాలి కింద నేల

చే చాన్ పింగ్ అనే శ్రామికుడు 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేవాడు. 1887 జూన్‌లో స్వదేశం చూడడానికి బయలుదేరుతూ, తిరిగి రావడానికి చట్టప్రకారం ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం తీసుకున్నాడు. 1888 సెప్టెంబరులో హాంకాంగ్‌లో ఓడెక్కాడు. అతను సముద్రం మీద ఉండగానే, అక్టోబరు 1న అమెరికా చట్టసభ స్కాట్ చట్టం చేసి అలాంటి ధ్రువపత్రాలన్నింటినీ రద్దు చేసింది. అక్టోబరు 8న అతను రేవు చేరాడు. దిగనివ్వలేదు. సుమారు 20 వేల ధ్రువపత్రాలు అలా ఒక్క సంతకంతో చిత్తు కాగితాలయ్యాయి. 1889లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ పక్షమే వహించింది.

1892 మే 5న గియరీ చట్టం వచ్చింది. నిషేధాన్ని మరో పదేళ్లు పొడిగించడంతో అది ఆగలేదు. దేశంలో ఉన్న ప్రతి చైనా శ్రామికుడూ ఏడాదిలోగా పేరు నమోదు చేయించుకుని నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేకుండా పట్టుబడితే దేశం నుంచి పంపివేస్తారు. అనారోగ్యం వంటి కారణం వల్ల తీసుకోలేకపోయానని చెప్పుకోవాలంటే నమ్మదగిన శ్వేతజాతి సాక్షిని చూపించాలి. తాను నేరస్తుడిని కానని మనిషే రుజువు చేసుకోవాలి. తన జాతివాడి సాక్ష్యం మాత్రం చెల్లదు.

చైనీయుల సంఘాల సమాఖ్య, దానిని సిక్స్ కంపెనీస్ అనేవారు, ఎవరూ నమోదు చేయించుకోవద్దని పిలుపునిచ్చింది. మనిషికి ఒక డాలరు చొప్పున చందా అడిగి న్యాయవాదులను పెట్టింది. గడువు ముగిసేనాటికి లక్షమందికి పైగా ఉన్న సమాజంలో సుమారు 13 వేలమందే నమోదయ్యారు. అది ఆనాటి అతి పెద్ద సహాయ నిరాకరణల్లో ఒకటి. న్యూయార్క్‌లో పత్రికా రచయిత వాంగ్ చిన్ ఫూ 1892లో సమాన హక్కుల సంఘం పెట్టాడు. ఇతను ఎంత ధైర్యవంతుడంటే, 1883లో కియర్నీని ద్వంద్వ యుద్ధానికి సవాలు చేసి, ఆయుధాలుగా చైనా భోజనపు పుల్లలో, ఐరిష్ బంగాళాదుంపలో, క్రుప్ ఫిరంగులో నీవే ఎంచుకో అన్నాడు.

1893 మే 15న సుప్రీంకోర్టు 5–3 తేడాతో గియరీ చట్టాన్ని సమర్థించింది. స్కాట్ చట్టాన్ని నిలబెట్టిన తీర్పు రాసిన న్యాయమూర్తి ఫీల్డే ఈసారి అసమ్మతి పక్షాన చేరాడు. దేశం బయట ఉన్నవాడిని ఆపడం వేరు, లోపల నివసిస్తున్నవాడిని విచారణ లేకుండా పంపివేయడం వేరు అన్నది అసమ్మతివాదుల వాదన. ఓటమి తరువాత చట్టసభ గడువును ఆరు నెలలు పొడిగించింది. సమాజం ఆలోచించుకుని ఈసారి నమోదు చేయించుకుంది. అలాగని పోరాటం విడిచిపెట్టలేదు. 1896 మే 18న వాంగ్ వింగ్ వ్యాజ్యంలో, జ్యూరీ విచారణ లేకుండా కఠిన శిక్ష విధించే గియరీ చట్టపు నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. సరిగ్గా అదే రోజు అదే కోర్టు ప్లెస్సీ వ్యాజ్యంలో నల్లజాతి వారికి వేరు రైలు పెట్టెలు సబబే అని తీర్పు చెప్పింది. ఒకే రోజు ఒకే న్యాయస్థానం ఒక గడియ తీసి మరొకటి బిగించింది.

పుట్టిన నేల ఎవరిది?

వాంగ్ కిమ్ ఆర్క్ వృత్తిరీత్యా వంటవాడు. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టాడు. 1894లో చైనా వెళ్తూ, తాను ఆ నగరంలోనే పుట్టానని శ్వేతజాతి సాక్షుల సంతకాలతో పత్రం రాయించుకున్నాడు. 1895 ఆగస్టులో తిరిగి వచ్చినప్పుడు అధికారులు నీవు పౌరుడివి కావన్నారు. నెలల తరబడి రేవులోని ఓడల మీద నిర్బంధించారు. సిక్స్ కంపెనీస్ వ్యాజ్యాన్ని భుజాన వేసుకుంది. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6–2 తేడాతో తీర్పు చెప్పింది. అమెరికా నేల మీద నివసిస్తున్న తల్లిదండ్రులకు అక్కడ పుట్టిన బిడ్డ, వారు పౌరులు కాకపోయినా, పుట్టుకతోనే పౌరుడు.

దేశమంతా ద్వేషం ఆవరించిన రోజుల్లో, ఓటు లేని సమాజానికి చెందిన ఒక వంటవాడి పేరు మీద వచ్చిన తీర్పు అది. అయినా 1901లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో అధికారులు అదే వాంగ్ కిమ్ ఆర్క్‌ను అక్రమ వలసదారని మళ్లీ అరెస్టు చేశారు. తన పేరు మీదనే తీర్పు ఉన్న మనిషి తన పౌరసత్వాన్ని మళ్లీ రుజువు చేసుకోవలసి వచ్చింది. తీర్పు గెలవడం ఒక పని, దానిని కింది ఉద్యోగి బల్ల దాకా తీసుకురావడం మరొక పని. కింది ఉద్యోగి బల్ల దగ్గర ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్న మేము ఈ మాట అనుభవంతో చెబుతున్నాము.

మూసిన తలుపు ఒకరి దగ్గర ఆగదు

1882లో ఒక్క జాతికి మూసిన తలుపు తరువాత మరెందరికో మూసుకుంది. 1885లో ఒప్పంద కూలీలను నిషేధించారు. 1891లో బహుభార్యాత్వం పాటించేవారిని, నిరుపేదలను, కొన్ని వ్యాధులున్నవారిని నిషిద్ధుల జాబితాలో చేర్చారు. మన దేశానికి సంబంధించిన ఒక ముక్క ఇక్కడుంది. బెంగాల్‌లోని హుగ్లీ ప్రాంతపు ముస్లిం చిరువ్యాపారులు 1880ల నుంచి చికన్ ఎంబ్రాయిడరీ బట్టలు మూటగట్టుకుని న్యూజెర్సీ సముద్రతీర పట్టణాల్లో, న్యూ ఓర్లీన్స్‌లో అమ్ముకునేవారు. 1897లో అలా వెళ్లిన ఒక బృందాన్ని న్యూయార్క్ రేవులో ఆపి, ఒప్పంద కూలీల చట్టం కింద వెనక్కి పంపారు. తమ సరుకు తామే అమ్ముకునే వర్తకులు అక్కడి లెక్కలో కూలీలయ్యారు. దేశంలో మిగిలినవారిలో కొందరు న్యూ ఓర్లీన్స్ నల్లజాతి వాడల్లో ఇళ్లు కట్టుకుని, అక్కడి కుటుంబాలతో వియ్యమందుకున్నారు. వెలివేతకు గురైనవారు ఒకరికొకరు చోటిచ్చుకున్నారు.

1902లో చైనీయుల నిషేధానికి కాలపరిమితే తీసివేశారు. 1917లో 'ఆసియా నిషిద్ధ మండలం' గీసి భారతదేశాన్నీ అందులో చేర్చారు. 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో భారతీయులు పౌరసత్వానికి అర్హులైన శ్వేతజాతీయులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. చైనీయుల నిషేధం 1943లో రద్దయింది, అదీ ఏడాదికి 105 మందిని అనుమతిస్తూ. భారతీయులకు 1946లో ఏడాదికి 100 మంది. మొదటి చట్టం నాడు ఇది మన సంగతి కాదు కదా అనుకున్న జాతులన్నీ ఆ గడప దగ్గర వరుసలో నిలబడ్డాయి.

మనకు సంక్రమించినవి

ప్రసంగం మొదట్లో మనవి చేస్తామన్న సంగతి ఇప్పుడు చెబుతున్నాము. 1952లో మన సుప్రీంకోర్టు అన్వర్ అలీ సర్కార్ వ్యాజ్యంలో ప్రసిద్ధమైన తీర్పు ఇచ్చింది. ఏ కేసును ప్రత్యేక న్యాయస్థానానికి పంపాలో ప్రభుత్వమే ఇష్టానుసారం నిర్ణయించే పశ్చిమ బెంగాల్ చట్టపు నిబంధన, 14వ అధికరణం హామీ ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని కొట్టివేసింది. ఆ తీర్పులో శాన్‌ఫ్రాన్సిస్కో లాండ్రీ వ్యాజ్యం చర్చకు వచ్చింది. మన 14వ అధికరణం కూడా పౌరుడు అనదు, 'ఏ వ్యక్తికైనా' అంటుంది. బట్టలుతికే చైనీయుడొకరు జైలుకు వెళ్లి నిలబెట్టిన సూత్రం 66 ఏళ్ల తరువాత మన న్యాయస్థానంలో వినిపించింది.

రెండవది. ఇవాళ అమెరికాలో తాత్కాలిక వీసాల మీద పనిచేసే తెలుగు కుటుంబాల పిల్లలు, ముస్లింలైనా హిందువులైనా క్రైస్తవులైనా, అక్కడ పుట్టగానే పౌరులుగా గుర్తింపు పొందుతూ వచ్చినది ఆ వంటవాడి తీర్పు ఆధారంగానే. 2025 జనవరి 20న ఆ హక్కును కుదిస్తూ అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇవ్వగానే హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లోని ఎన్నో ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు ఆందోళన పడ్డారు. ఆ ఉత్తర్వును ప్రశ్నిస్తూ కోర్టుకెక్కినవారు ఎత్తిపట్టుకున్నది వాంగ్ కిమ్ ఆర్క్ పేరునే. ఎవరి పోరాటం ఎవరికి కవచమవుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

సోదర సోదరీమణులారా, ఈ చరిత్ర నుంచి మూడు పనులు మన ముందు పెట్టి ముగిస్తాము.

మొదటిది, కాగితాల పని. మన ఇళ్లలో ఒకే మనిషి పేరు ఒక పత్రంలో మహమ్మద్, మరొక దానిలో మొహమ్మద్, ఇంకొక దానిలో ఎం.డి. అని ఉంటుంది. షేక్ ఒకచోట ముందు, మరొకచోట వెనుక వస్తుంది. ఆడపిల్లలకు బేగమ్, బీ, ఖాతూన్ మారుతూ ఉంటాయి. జనన ధ్రువపత్రం, బడి పత్రం, ఓటరు జాబితా, రేషన్ కార్డు, ఆధార్ అన్నీ ఒకచోట పరచి, తేడాలను ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే సరిచేయించుకోవాలి. ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన బృందం నెలకొక ఆదివారం ఈ పనికి కేటాయించవచ్చు. మాలాంటి పదవీ విరమణ చేసిన ఉద్యోగులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు, పిలిస్తే వస్తారు. కాగితం ఉన్నంత మాత్రాన అన్యాయం జరగదని కాదు. చే చాన్ పింగ్ చేతిలో కాగితం ఉంది. అయినా అది ఉండబట్టే అతని అన్యాయం కోర్టు రికార్డుకెక్కింది.

రెండవది, చిన్న చందాల పని. మనిషికొక డాలరుతో ఒక సమాజం దేశపు అత్యున్నత న్యాయస్థానంలో నిలబడింది. వ్యాజ్యం వచ్చినప్పుడు పరుగెత్తడం కాదు, ముందుగానే న్యాయ సహాయ నిధి ఉండాలి. మన పిల్లల్లో కొందరు న్యాయశాస్త్రం చదవాలి. ఇంజనీరింగ్ సీటు రాకపోతే చదివేదిగా కాకుండా, మొదటి కోరికగా చదవాలి.

మూడవది, తోడు నిలిచే పని. రాక్ స్ప్రింగ్స్‌లో కార్మికుడు కార్మికుడిని చంపాడు, కంపెనీ బొగ్గు తవ్వుకుంది. మన పక్కన పనిచేసే దళితుడు, ఆదివాసి, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన వలస కూలీ మన కూలి తగ్గిస్తున్నాడని ఎవరైనా చెబితే, కూలి నిర్ణయించేది ఎవరని తిరిగి అడగాలి. హక్కు అడిగేటప్పుడు 'మాకు' అని కాక 'ఏ వ్యక్తికైనా' అని అడిగే అలవాటు చేసుకోవాలి. యిక్ వో వ్యాజ్యంలో గెలిచినది ఆ రెండు మాటలే.

 సభ ముగిసిన తరువాత పత్రాల సవరణకు సంబంధించిన సందేహాలున్నవారు వేదిక పక్కన ఉన్న బల్ల దగ్గరికి రావచ్చు. మేము అక్కడే ఉంటాము. సెలవు.